బోగోలు ఊపిరి ఏ లెక్కలో ఉంది?

ఫోను ముందు పది సెకన్లు దగ్గితే, ఆ దగ్గు విని ఊపిరితిత్తుల్లో తేడా ఉందో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్ ఒకటి మన తెలుగు నేల మీదే తయారైంది. హైదరాబాద్‌లోని సాల్సిట్ టెక్నాలజీస్ దానికి ‘శ్వాస’ అని పేరు పెట్టింది. విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీ వైద్యులు దాన్ని తమ రోగుల మీద పరీక్షించి, కోవిడ్ విషయంలోనూ క్షయ విషయంలోనూ వచ్చిన ఫలితాలను శాస్త్ర పత్రికల్లో ప్రచురించారు. 2024 ఆగస్టులో గూగుల్ తన శబ్ద నమూనా ‘హియర్’ గురించి ప్రకటించినప్పుడు, క్షయను ముందుగా పసిగట్టే పనిలో దాన్ని వాడి చూస్తున్న సంస్థగా ఈ హైదరాబాద్ సంస్థనే పేర్కొంది. ఊపిరికీ గణితానికీ మధ్య సాగుతున్న పరిశోధన ఇలా లేబొరేటరీ గడప దాటి ఊళ్లలోకి అడుగుపెడుతోంది. నెల్లూరు జిల్లాలో ఒక పక్క బిట్రగుంట రైల్వే స్టేషను, ఇంకో పక్క జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బరు ఉన్న బోగోలు మండలం లాంటి చోట్లకూ ఇలాంటి పరికరాలు చేరే రోజు దూరంలో లేదు. అవి రావాలి, వస్తే మేలే. అయితే బోగోలు మనిషి దగ్గును ఆ ఫోను ఎవరి దగ్గుతో పోల్చి చూస్తుంది? ఆ మనిషి ఊదిన గాలి తక్కువో ఎక్కువో ఊపిరి కొలిచే పరికరం ఎవరి ఊపిరిని కొలబద్దగా పెట్టుకుని తేలుస్తుంది? సాఫ్ట్‌వేర్ ఎంత తెలివైనదన్న దానికంటే ఈ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆ ఊరి రోగి మేలు ఎక్కువగా ఆధారపడి ఉందని నా నమ్మకం.

దగ్గును చెవితో గుర్తుపట్టడం మనకు కొత్త విద్య కాదు. పొడి దగ్గు, కళ్లె దగ్గు, కోరింత దగ్గు అని ఇంట్లో పెద్దవాళ్లు పక్క గదిలోంచే తేల్చేసేవారు. పిల్లికూతలు వినపడితే ఉబ్బసం అనేవారు. 1816లో ఫ్రాన్స్‌లో లెనెక్ అనే వైద్యుడు స్టెతస్కోపు కనిపెట్టినప్పుడు చేసింది కూడా ఆ వినికిడికి ఒక గొట్టం తోడివ్వడమే. కంప్యూటరు ఆ వినికిడిని అంకెల్లోకి మారుస్తుంది. మామూలుగా శబ్దాన్ని రికార్డు చేసే పద్ధతిలో ఒక్క సెకను శబ్దం 44,100 అంకెలుగా నమోదవుతుంది. ఫ్రెంచి గణితవేత్త ఫూరియే రెండు శతాబ్దాల కిందట చూపిన పద్ధతిలో ఆ అంకెల గుట్టను విడదీస్తే, ఏ క్షణంలో ఎంత సన్నని స్వరం, ఎంత బొంగురు స్వరం కలిసి వచ్చాయో ఒక బొమ్మలాగా కనపడుతుంది. ఉబ్బసం దగ్గు బొమ్మ ఒకలా ఉంటుంది, క్షయ దగ్గు బొమ్మ ఇంకోలా ఉంటుంది. ఆ తేడాకు కారణం ఊపిరి గొట్టాల అమరికలోనే ఉంది. గొంతు నుంచి గాలితిత్తుల దాకా మన శ్వాసనాళం సుమారు 23 సార్లు రెండేసి కొమ్మలుగా చీలుతూ పోతుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త వైబెల్ 1963లో లెక్కగట్టాడు. గొట్టంలో గాలి నెమ్మదిగా, వరసగా సాగేటప్పుడు దాని వ్యాసార్థం సగానికి తగ్గితే అడ్డు రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. వాపుతోనో కళ్లెతోనో నాళం కొంచెం పూడినా మనిషి అంతగా రొప్పడానికి కారణం ఈ లెక్కే. గొట్టం కొలత మారితే దానిలోంచి వచ్చే శబ్దమూ మారుతుంది.

బొమ్మలు చేతికొచ్చాక మిగిలేది వర్గీకరణ. ఈ దగ్గును జబ్బు ఉన్నవాళ్ల గుంపులో వెయ్యాలా, లేనివాళ్ల గుంపులో వెయ్యాలా? ఇక్కడ ఒక తెలుగువాడి పేరు చెప్పుకోకుండా ముందుకు పోలేం. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్.రావు, అనేక కొలతలు తెలిసిన ఒక మనిషి ఏ గుంపుకు చెందుతాడో నిర్ణయించే గణిత మార్గాన్ని సంఖ్యాశాస్త్రవేత్తలు ఫిషర్, మహలనోబిస్‌లు వేసిన బాటను విస్తరించి 1948లో ఒక ప్రసిద్ధ వ్యాసంలో చూపించారు. ఈనాటి యంత్రాలు వాడే పద్ధతులు చాలా దూరం వచ్చేశాయి గానీ ప్రశ్న అదే, పట్టింపూ అదే. గుంపులు ముందే సరిగ్గా తెలిసి ఉండాలి. ఏ గుంపుకూ చెందని కొత్త మనిషి వచ్చినా ఆ లెక్క అతన్ని ఏదో ఒక గుంపులో పడేస్తుందే తప్ప, ఇతను నాకు తెలియడు అని తనంతట తాను చెప్పదు. గూగుల్ నమూనా దాదాపు 30 కోట్ల శబ్ద ముక్కలు విని నేర్చుకుంది, వాటిలో పది కోట్ల దాకా దగ్గులే. అంకె పెద్దదే. కానీ తెల్లవారుజామున ఉప్పుగాలిలో వల లాగి, పొద్దెక్కాక డీజిల్ పొగ పీల్చి, రాత్రి బీడీ కాల్చే మనిషి దగ్గుకు ఆ రాశిలో ఎంత వాటా ఉందో రాశి పెద్దదైనంత మాత్రాన తేలదు.

దగ్గు వినే సాఫ్ట్‌వేర్ కన్నా పాతదీ, వైద్యులు ఎక్కువగా నమ్మేదీ అయిన పరీక్ష ఇంకొకటి ఉంది. దాని చరిత్ర చూస్తే ఈ చిక్కు స్పష్టంగా తెలుస్తుంది. 1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ స్పైరోమీటరు తయారు చేసి రెండు వేల మందికి పైగా మనుషుల ఊపిరి కొలిచాడు. పొడుగు పెరిగేకొద్దీ ఊపిరి పెరుగుతుందని, వయసు మళ్లేకొద్దీ తగ్గుతుందని తేల్చాడు. నేటికీ పద్ధతి అదే. గుండెనిండా గాలి పీల్చి బలంగా ఊదితే, మొదటి సెకనులో ఎంత గాలి వచ్చింది, మొత్తం ఎంత వచ్చింది అన్నది పరికరం లీటర్లలో చెబుతుంది. ఆ లీటర్లకు విడిగా అర్థం లేదు. ఇదే వయసు, ఇదే పొడుగు ఉన్న ఆరోగ్యవంతుడు ఎంత ఊదాలో పరికరంలో ఒక సమీకరణం ఉంటుంది. దానితో భాగించి శాతం ఇస్తుంది. ఉదాహరణకు ఒకాయన మొదటి సెకనులో 3 లీటర్లు ఊదాడనుకుందాం. పరికరంలోని సమీకరణం ఆయన 3.75 లీటర్లు ఊదాలని చెబితే ఫలితం 80 శాతం, 3.3 అని చెబితే 91 శాతం. మనిషి అతనే, ఊపిరి అదే. ఒక కాగితం ప్రకారం జబ్బు గీత మీద నిలబడ్డాడు, ఇంకో కాగితం ప్రకారం నిక్షేపంగా ఉన్నాడు. గూడూరు వైపు అభ్రకం గనుల్లోనో, రాయి కొట్టే క్వారీల్లోనో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చిన కూలీకి నష్టపరిహారం వస్తుందో రాదో తేల్చే వేళ ఈ పదకొండు శాతం చిన్న తేడా కాదు.

ఆ సమీకరణం ఎక్కడిది? అమెరికాలో బానిసత్వం నడిచిన రోజుల్లోనే కార్ట్‌రైట్ అనే వైద్యుడు స్పైరోమీటరు పట్టుకుని నల్లవాళ్ల ఊపిరి పుట్టుకతోనే తక్కువని ప్రకటించాడు. ఆ మాట ‘జాతి దిద్దుబాటు’ అన్న పేరుతో పరికరాల్లోకి చేరి ఒకటిన్నర శతాబ్దం బతికింది. మన దేశంలోనూ తెల్లవాళ్ల అంకెలో పది శాతం కోసేసి భారతీయుడికి సరిపెట్టే అలవాటు చాలాకాలం నడిచింది. 2012లో అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం 74,187 మంది పొగతాగని ఆరోగ్యవంతుల కొలతలతో, మూడేళ్ల పిల్లల నుంచి 95 ఏళ్ల వృద్ధుల దాకా పనికొచ్చే గొప్ప సమీకరణాలు తయారు చేసింది. గణితపరంగా అది ఎంతో అందమైన పని. వయసుతో సగటు మాత్రమే మారుతుందనుకోకుండా, మనిషికీ మనిషికీ మధ్య ఉండే తేడా కూడా వయసుతో ఎలా మారుతుందో అందులో లెక్కకొచ్చింది. కానీ యూరప్ సంతతికి, ఆఫ్రికన్ అమెరికన్లకు, తూర్పు ఆసియాలోని రెండు ప్రాంతాలకు వేర్వేరు సమీకరణాలు దక్కాయి గానీ నూట నలభై కోట్ల మంది ఉన్న మన దేశానికి సొంతంగా ఒక్కటీ దక్కలేదు. మిగిలినవాళ్లతో కలిపి ‘ఇతరులు’ అన్న గడిలో సర్దుకోవలసి వచ్చింది. పదేళ్ల తర్వాత అదే బృందం జాతి ఊసు లేని ఒకే సమీకరణాన్ని తెచ్చింది. 2023లో అమెరికా ఊపిరితిత్తుల వైద్యుల సంఘం దాన్నే వాడమని చెప్పింది.

అయితే చిక్కు తీరినట్టేనా? ఇక్కడే తొందరపడకూడదు. పదిహేడు దేశాల్లో జరిగిన ‘ప్యూర్’ అధ్యయనం 2013లో ఒక సంగతి బయటపెట్టింది. వయసు, పొడుగు, ఆడ మగ తేడాలు సరిచూసుకున్నాక కూడా దక్షిణాసియా వాళ్ల మొదటి సెకను ఊపిరి ఉత్తర అమెరికా, యూరప్ వాళ్ల కంటే సుమారు 30 శాతం తక్కువగా ఉంది. ఈ అంకెను రెండు రకాలుగా చదవొచ్చు. మన ఒళ్లే అంత, మన కొలబద్ద మనకు వేరుగా ఉండాలి అని ఒకరు అంటారు. తల్లి కడుపులో ఉన్నప్పటి పోషణ లోపం, పసితనంలో నెమ్ము, కట్టెల పొయ్యి పొగ, ఊరి దుమ్ము, ఇవన్నీ కలిసి దోచుకున్న ఊపిరి అది అని ఇంకొకరు అంటారు. నేను రెండో మాట వైపే మొగ్గుతాను. ఒక తరంలో పొడుగు పెరిగినట్టే, తిండీ గాలీ బాగుపడితే ఊపిరీ పెరుగుతుంది. జన్మతః వచ్చిన లోటైతే అలా పెరగదు. అందుకే బోగోలులో వెయ్యిమందిని కొలిచి, వాళ్ల సగటే అక్కడి ఆరోగ్యం అని గీత గీసేస్తే, పొగ చేసిన నష్టానికి మనమే ఆరోగ్య ముద్ర కొట్టినవాళ్లమవుతాం. స్థానిక కొలతలు కావాలని వాదించే వాళ్లందరూ, నాతో సహా, ముందు జవాబు చెప్పుకోవలసిన అభ్యంతరం ఇది.

నా జవాబు ఇది: కొలవడం వేరు, కొలబద్ద చేయడం వేరు. బోగోలు వాళ్ల ఊపిరిని కొలవాలి, కానీ లోకం సాధించగలిగిన మంచి ఊపిరితో పోల్చి ఎంత లోటుందో చెప్పడానికి కొలవాలి. లోటు ఎక్కడ మొదలైందో వెతకడానికి కొలవాలి. గాలి విషయంలో మనకు ఇదే పాఠం తెలంగాణ పల్లెలు ఇప్పటికే నేర్పాయి. హైదరాబాద్ చుట్టుపక్కల 28 ఊళ్లలో ‘ఛాయ్’ అనే అధ్యయనం గుండెజబ్బులకూ గాలి కాలుష్యానికీ ఉన్న సంబంధం కోసం సన్నటి ధూళిని కొలిచి, రోడ్లు, ఇళ్లు, పచ్చదనం లాంటి వివరాలతో గణిత నమూనా కట్టి, ఇంటింటి గాలినీ అంచనా వేసింది. ఏడాది సగటు ఘనపు మీటరుకు సుమారు 33 మైక్రోగ్రాములని తేలింది. మన దేశం పెట్టుకున్న హద్దు 40 కాబట్టి ఆ పల్లెలు పాసైనట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు అప్పట్లో 10, 2021 నుంచి 5. ఆ లెక్కన అవే పల్లెలు ఘోరంగా తప్పాయి. ధూళి మారలేదు, గీత మారింది. ఆ బృందం ఇంకో మంచి పని చేసింది. కొందరి ఒంటికి కొలత పరికరాలూ చిన్న కెమెరాలూ తగిలించి, వాళ్లు రోజంతా ఎక్కడెక్కడ ఏమి పీలుస్తున్నారో చూసింది. ఊరి గాలి అంకె ఒక్కటే మనిషి పీల్చేదాన్ని చెప్పలేదని, వంటింటి పొగ లెక్క వేరని అందులో తెలిసింది. సరుగుడు కట్టెలు, తాటాకులు, పిడకలతో పొయ్యి మండే తీరపు ఇళ్లకు ఈ పాఠం మరీ వర్తిస్తుంది.

ఇక దగ్గు వినే ఫోను దగ్గరికి మళ్లీ వద్దాం. అది నూటికి తొంభై మంది రోగులను పట్టుకుంటుందని, ఆరోగ్యవంతుల్లో నూటికి పదిహేను మందిని మాత్రం పొరపాటున అనుమానిస్తుందని అనుకుందాం. వినడానికి మంచి పరికరమే. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ క్షయ సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన ప్రతి లక్ష మందిలో 316 మందికి ఊపిరితిత్తుల క్షయ ఉంది. లక్షమంది చేతా ఫోను ముందు దగ్గిస్తే, ఆ 316 మందిలో 284 మంది దొరుకుతారు. మిగిలిన 99,684 మంది ఆరోగ్యవంతుల్లో 14,953 మందికి కూడా అనుమానం చీటీ వస్తుంది. చీటీ వచ్చిన ప్రతి యాభై నాలుగు మందిలో నిజంగా క్షయ ఉన్నది ఒక్కరికి. అదే పరికరాన్ని రెండు వారాలుగా దగ్గుతూ ఆసుపత్రికి వచ్చి, పదిమందిలో ఒకరికి క్షయ ఉన్న గుంపు ముందు పెడితే, చీటీ వచ్చిన ప్రతి ఐదుగురిలో ఇద్దరికి జబ్బు ఉంటుంది. పరికరంలో ఒక్క అక్షరం మారలేదు, ఎవరి ముందు పెట్టామన్నదే మారింది. ఇది పద్దెనిమిదో శతాబ్దపు బేయస్ సూత్రం, కూడికలూ భాగహారాలూ వచ్చిన ఎవరైనా కాగితం మీద వేసి చూసుకోగలరు. బోధనాసుపత్రిలో మంచి మార్కులు తెచ్చుకున్న సాఫ్ట్‌వేరును నేరుగా ఊరి మీదికి వదిలితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద గణితం అక్కర్లేదు. ఊళ్లో ఎవరికి ఎంత జబ్బు ఉందో ముందు తెలియకపోతే, చీటీ చేతికొచ్చిన మనిషికి మీకు జబ్బు ఉండే అవకాశం ఇంత అని ఏ డాక్టరూ చెప్పలేడు.

ఇంత తర్కం దేనికి, పల్లెలో ఛాతీ వైద్యుడే లేనప్పుడు ఫోనైనా ఉండటం నయం కదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నలో బాధ ఉంది, న్యాయమూ ఉంది. 2016 నాటి అంచనా ప్రకారం మన దేశంలో ఐదున్నర కోట్ల మందికి ఊపిరి గొట్టాలు మూసుకుపోయే దీర్ఘకాలపు జబ్బు సీఓపీడీ, మూడు కోట్ల ఎనభై లక్షల మందికి ఉబ్బసం ఉన్నాయి. ప్రపంచ జనాభాలో మన వాటా 18 శాతమైతే, దీర్ఘకాలపు శ్వాస జబ్బుల భారంలో మన వాటా 32 శాతం. క్షయ సర్వేలోనే తేలిన ఇంకో నిజం మరీ కలవరపెడుతుంది. లక్షణాలు ఉన్నవాళ్లలో దాదాపు 64 శాతం మంది వైద్యం కోసం వెళ్లనే లేదు. ఆశా కార్యకర్త ఫోను పట్టుకుని గడప దగ్గరికి వెళ్లడం ఆ 64 శాతం మందికి నిజంగా మేలు. దాన్ని నేను కాదనను. కానీ ఆ సర్వేలోనే ఇంకో వాక్యం ఉంది. ఛాతీ ఎక్స్‌రే తీయకపోయి ఉంటే రోగుల్లో 42 శాతానికి పైగా దొరికేవాళ్లే కాదు. అంటే లక్షణాలను అడిగి తెలుసుకునే పద్ధతికి దొరకని రోగులు అంతమంది ఉన్నారు. దగ్గే లేని క్షయను దగ్గు వినే ఫోను ఎలా పట్టుకుంటుంది? ‘ఏదో ఒకటి’ అన్న సర్దుబాటుతో తెచ్చుకున్న పరికరం, దగ్గు లేనివాడికి నీకేమీ లేదన్న ధీమా ఇచ్చి పంపితే అది సాయం అనిపించుకోదు. ఫోను ముందు నిలబడాలి, వెనక కళ్లె పరీక్షా ఎక్స్‌రే ఉండాలి, ఆ రెండింటి ఫలితం తిరిగి ఫోనుకు చేరి దాని తప్పులు లెక్కకు రావాలి.

డేటా గుట్టలుగా పెరిగితే స్థానిక తేడాలు వాటంతటవే సర్దుకుంటాయన్నది ఇంకో వాదన. దీనికి కోవిడ్ కాలమే జవాబు చెప్పింది. గుంటూరులో పుట్టిన గణితవేత్త, ఐఐటీ హైదరాబాద్ ప్రొఫెసర్ ఎం.విద్యాసాగర్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ కమిటీ 2020 అక్టోబరులో, సెప్టెంబరులోనే శిఖరం దాటిపోయిందనీ జాగ్రత్తలు కొనసాగితే 2021 ఫిబ్రవరి నాటికి మహమ్మారి అదుపులోకి వస్తుందనీ అంచనా వేసింది. ఆ లెక్క వెనక దేశం మొత్తం కేసుల డేటా ఉంది, మంచి గణితం ఉంది. ఏప్రిల్ నాటికి రెండో అల ముంచెత్తింది. వైరస్ రూపం మారింది, మనుషుల తీరు మారింది, సమీకరణంలో స్థిరమనుకున్న అంకెలు స్థిరంగా నిలవలేదు. ఆ శాస్త్రవేత్తలను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పరిస్థితులు మారకపోతేనే ఈ అంచనా నిలుస్తుందని వాళ్లే చెప్పారు. ఆ షరతును వినకుండా అంకెను మాత్రం విన్నది మనం. నేల మీద ఏమి మారుతోందో ఎప్పటికప్పుడు పంపే కొలతలు లేకపోతే ఎంత పెద్ద డేటా అయినా నిన్నటి ఊరి గురించే మాట్లాడుతుంది.

బోగోలులో ఆ కొలత జరగాలంటే పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. చేత్తో పట్టుకునే స్పైరోమీటరు, కట్టెల పొయ్యి ఎన్నేళ్లు, బీడీ ఎన్నేళ్లు, ఏ పని ఎన్నేళ్లు అని అడిగే ఒక కాగితం, వేసవిలో ఒకసారి, ఈశాన్య రుతుపవనాల తడిలో ఒకసారి అదే మనుషుల దగ్గరికి వెళ్లే ఓపిక చాలు. పిల్లలను బడిలో కొలిచి, అదే పిల్లలను ఐదేళ్ల తర్వాత మళ్లీ కొలిస్తే ఊపిరి ఎక్కడ వెనకబడుతోందో తెలుస్తుంది. హార్బరు వచ్చాక పెరిగే డీజిల్ పొగ రేపు ఏం చేస్తుందో చెప్పాలన్నా ఈరోజు అంకె చేతిలో ఉండాలి. అన్నిటికంటే కష్టమైన భాగం అంకెల్లో ఎక్కడా కనపడదు. స్పైరోమీటరు పరీక్ష పూర్తిగా ఊదేవాళ్ల ప్రయత్నం మీద ఆధారపడింది. కనీసం మూడుసార్లు సరిగ్గా ఊదాలి, మెరుగైన రెండు ఊదుళ్ల మధ్య తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు, పెద్దవాళ్లయితే ఊపిరి అయిపోయిందనిపించాక కూడా కొన్ని సెకన్లు ఊదుతూనే ఉండాలి. యానాది వాడలోని ముసలమ్మ ముక్కుకు క్లిప్పు పెట్టించుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని అలా ఊదాలంటే, పక్కన కూర్చున్న ఏఎన్ఎం ఆమెకు అర్థమయ్యే మాటలో, ఆమెకు భయం పోయేలా చెప్పాలి: గుండె నిండా పీల్చమ్మా, ఇప్పుడు ఒక్కసారిగా ఊదెయ్, ఆపొద్దు, ఇంకా ఊదు, ఇంకా, ఇంకా, లోపలున్నదంతా బయటికి రావాలి.